ఉప్పు గీకేవాడి చేతులు

2-3-1983, బుధవారం

ఈ నోటుబుక్కు మిల్లు స్టోరుది. ఏ నాజిల్ ఎప్పుడు గీకానో రాయమని ఇచ్చారు. అది నాకు నోటికే తెలుసు. కాబట్టి ఇందులో నా సంగతి రాసుకుంటాను, అదీ తెలుగులో. మా ఆవిడ సుందరవల్లి అరవం గడగడా చదువుతుంది, తెలుగు అక్షరం ఒక్కటి రాదు. కోయంబత్తూరులో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నయినా ఉన్నాయి, చదివే ఇల్లు వెతుక్కోవాలి. నాకు మా తాత బెత్తం పట్టుకుని నేర్పాడు. తొడ మీద వాత ఇంకా ఉంది. దెబ్బ పడకుండా ఏదీ రాదు, ఇది నా అనుభవం.

నిన్న మదురైలో డాక్టరమ్మకు సంతానలక్ష్మిని చూపించాం. తొమ్మిదేళ్ళది, చూస్తే ఆరేళ్ళంటారు. పుట్టినప్పటినుంచి దగ్గే. దానికి ముందు ఇద్దరు మగపిల్లలు పోయారు, ఒకడు నలభై దినాలకు, ఒకడు ఏడాదికి. ముగ్గురికీ నుదుటి మీద ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగిలేది. డాక్టరమ్మ పిల్ల చేతికి దూది చుట్టి, చెమట పట్టించి, పరీక్షకు పంపింది. చెమటలో ఉప్పు మామూలు పిల్లలకంటే మూడంతలు ఉందట. జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్ అని కాగితం మీద రాసిచ్చింది. ఊపిరితిత్తుల్లో కఫం బంకలా పట్టుకుంటుంది, దానంతట అది రాదు. పొద్దునా సాయంత్రం వీపు తట్టి రాలగొట్టాలి. పరుగు, తాడాట, ఆయాసం వచ్చే ఆట ఏదైనా రోజూ ఆడించాలి. బతికినన్నాళ్ళూ ఇంతే. మానేస్తే కఫం గడ్డకట్టి లోపలే చీము పడుతుంది, ఆ తర్వాత చెప్పడానికి ఏమీ లేదు అంది.

ఎలా తట్టాలో ఇద్దరికీ చూపించింది. దిండ్ల మీద తల కిందికి వాలేలా పడుకోబెట్టాలి. అరచెయ్యి దొన్నెలా వంచాలి. వెన్నెముక మీద పడకూడదు, నడుము మీద పడకూడదు. చప్పుడు డొల్లగా రావాలి. “కొట్టడం కాదు, తట్టడం” అంది. “నా చేతికి ఆ రెండింటికీ తేడా తెలవదమ్మా” అన్నాను. నవ్వింది. నేను నవ్వులాటకు అనలేదు.

ఇంకా ఏదో చెప్పబోతుంటే, బయట కౌంటర్లో వాడు మా చీటీ వెనక్కి తోసేశాడని విని లేచి పోయాను. వాడి కాలరు పట్టుకుని గోడకు ఆనించాను. చీటీ తీసుకున్నాడు. మనిషికి మెడ ఎందుకు పెట్టాడు దేవుడు. తిరిగి వచ్చేసరికి సుందరవల్లి డాక్టరమ్మ ముందు తల ఊపుతూ నిలబడి ఉంది.

వచ్చేటప్పుడు ఒట్టన్‌చత్రం స్టాండులో బస్సు ఆగింది. సుందరవల్లి పిల్లకు మామిడి ముక్కలు కొనిచ్చింది, ఉప్పూ కారం దట్టించినవి. పిల్ల ముక్క వదిలేసి ఉప్పు నాకుతోంది. ఒక్క దెబ్బతో కింద పడేశాను.

“ఏనుంగ, డాక్టరమ్మ ఉప్పు నిండా పెట్టమనె. చెమటలో అంతా పోతాదంట. ఎండాకాలం ఇంకా ఎక్కువ పెట్టాల్నంట. మీరు బయట ఉండారు అబుడు” అంది.

“ఎవురికి చెప్తా ఉండావే?” అన్నాను.

నేను చేసే పనే అది. నూలు తెగకుండా ఉండాలంటే మిల్లులో గాలి తడిగా ఉండాలి. నీళ్ళు తుంపరగా చిమ్మే నాజిళ్ళు ఆరువందలు, వాటన్నిటికీ ఫిట్టర్ని నేను, అళగిరిసామిని. మా బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు. వారం గీకకపోతే నాజిల్ నోట్లో ఉప్పు పెచ్చు కట్టి తుంపర ఆగిపోతుంది. అప్పుడేం చేస్తాం, ఇంకా ఉప్పు పోస్తామా? పద్దెనిమిదేళ్ళుగా ఉప్పు గీకుతున్నవాడికి ఒక ఆడమనిషి పాఠం చెబుతోంది. కోయంబత్తూరు దగ్గరపడి కినత్తుకడవు దాటేదాకా దానితో మాట్లాడలేదు.

5-3-1983

ఇంట్లో ఉప్పు బంద్. జాడీ ఎత్తుకుపోయి మురుగులో బోర్లించాను. ఉప్పు పారబోస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని సుందరవల్లి ఏడుపు. పోనీ, లక్ష్మి పోతే సంతానలక్ష్మి మిగులుతుంది. నేనూ ఉప్పులేని చారే తింటున్నాను. మిల్లు క్యాంటీన్లో ఉప్పు వేసిన మజ్జిగ తాగుతాను, అది వేరే సంగతి. పని చేసేవాడు తాగాలి.

12-3-1983

పొద్దున సుందరవల్లి తట్టుతుంది, సాయంత్రం నేను. రెండు దిండ్లు, వాటికింద చుట్టిన జమఖానా. ఎడమ పక్క, కుడి పక్క, వీపు, ఛాతీ. ఒక్కోటి రెండువందలు. మధ్యలో దగ్గించి, ఓవల్టీన్ డబ్బాలో ఉమ్మించాలి. మొదట పచ్చగా జిగురుగా తీగలా వస్తుంది, తర్వాత తెల్లబడుతుంది. తెల్లబడితే ఆ పూటకు గెలిచినట్టు.

ఇవాళ మా లైనిళ్ళలో రగడ. డొప్పు డొప్పుమని చప్పుడు, మధ్యలో పిల్ల దగ్గు. ఎదురు గది మునియాండి తలుపు తోసుకుని వచ్చాడు. “సావగొడతా ఉండావా బిడ్డను? మనిసివేనా?” అని నా చెయ్యి పట్టుకున్నాడు. తట్టే చేతిని మధ్యలో పట్టుకుంటే ఎవడికి మండదు? మెట్ల మీదనుంచి కిందికి విసిరాను. ముందు పన్ను ఒకటి విరిగింది. పక్కింటి ఆరోగ్యమేరి వచ్చి పిల్లను ఎత్తుకుంది. రీలింగ్ సెక్షన్లో పని చేస్తుంది, నోరు పెద్దది. సుందరవల్లి అందరికీ వైద్యం సంగతి చెప్పింది. వాళ్ళు విన్నారు. నమ్మారో లేదో తెలియదు. నేను తలుపు వేసి కుడి పక్క పూర్తి చేశాను. నూటపద్నాలుగు దగ్గర ఆగింది, అక్కడినుంచే ఎత్తుకున్నాను.

నాకు కోపం ఎక్కువ అంటారు. నిజానికి నేను చీమకు కూడా హాని చెయ్యను. నన్ను రేపేవాళ్ళు ఎక్కువ.

19-3-1983

ఉప్పు ఆపి రెండు వారాలు. పిల్ల హుషారుగా ఉంది. ముప్పై గ్రాములు కాదు, అరకిలో పెరిగింది. నా లెక్కే సరి.

26-3-1983

తాడాట నూరు దాటింది. ఎగురుతుంటే లోపల కఫం కదిలే గరగర నాకు నాలుగడుగుల దూరంనుంచే వినిపిస్తుంది. “నైనా, నూటపదకొండు!” అని వచ్చి నా తొడలు చుట్టుకుంది. మెడ వెనక చెమట ఆరి తెల్లగా ఉప్పు మిలమిలలాడుతోంది. ఉప్పే పెట్టకపోయినా ఇంకా వస్తూనే ఉంది చూడండి, లోపల ఎంత నిలవ ఉందో. గుడ్డ తడిపి తుడిచేశాను.

2-4-1983

సుందరవల్లి బావి దగ్గర జారి పడింది. కుడి మణికట్టు.

3-4-1983

కట్టు కట్టించాం. కట్టేవాడికి జారి పడిందని చెప్పాను. నొప్పి తట్టుకోలేక కళ్ళు తిరిగి పడింది గాని నోరు తెరవలేదు.

ఆరోగ్యమేరి అడిగింది. “యాడ పడిందన్నా అక్క?”

“బాయి కాడ.”

“మన బాయిలో నీళ్ళే లేవే. రెండు నెలలాయె ఎండిపోయి. బాయి కాడ ఏం పని?”

నీళ్ళు లేకపోతే ఏం, గట్టు ఉంది కదా. గట్టు మీద జారకూడదా మనిషి? జారి పడింది.

8-4-1983

ఇప్పుడు రెండు పూటలూ నేనే. పొద్దున ఆరింటికి మిల్లు సంగు, అదే సైరను, ఊదగానే దిండ్లు వేస్తాను, సాయంత్రం షిఫ్టు దిగి కాళ్ళు కడుక్కోగానే మళ్ళీ. ఎముక సరిగ్గా అతకదట, ఆ చెయ్యి ఇక దొన్నెలా వంగదు అన్నాడు కట్టేవాడు. పరవాలేదు. నాకు రెండు ఉన్నాయి. ఈ పిల్ల ఊపిరి ఈ రెండు చేతుల్లో ఉంది. మిల్లులో పీకేస్తామని బెదిరించినా, ఎవడు ఏమన్నా, ఈ మాట తలుచుకుంటే గుండె నిండుతుంది.

సుందరవల్లి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంది.

15-4-1983

పిల్ల గోడ మూల కూర్చుని తన మోచెయ్యి నాకుతోంది. పిల్లి పిల్లలాగ, శ్రద్ధగా. పిలిస్తే వినలేదు. దగ్గరికి పోయి ఒక్కటి వేశాను. చెంప మీద, గట్టిగా కాదు. “ఉప్పగా ఉండాది నైనా, బాగుండాది” అంది. ఇంకొకటి వేశాను. సుందరవల్లి వంటింటి గుమ్మంలో కట్టు కట్టిన చెయ్యి పొట్టకు ఆనించుకుని నిలబడి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

20-4-1983

ఎండ మండిపోతోంది. కుళాయిలో సిరువాణి నీళ్ళు మూడు దినాలకు ఒకసారి. మిల్లులో నాజిళ్ళు రోజూ మూసుకుపోతున్నాయి, వేళ్ళు పగిలాయి. పిల్ల తాడాట నలభైకి పడింది. కాళ్ళు పీకుతున్నాయంటోంది. సోమరితనం అలవాటయితే కఫం అలవాటవుతుంది. నూరు పూర్తయ్యేదాకా నీళ్ళు ఇవ్వనన్నాను. ఏడుస్తూ చేసింది. రేపటి మేలు కోసం ఈ రోజు ఏడిపించాలి, తండ్రికి తప్పదు.

26-4-1983, మంగళవారం

ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

ఆదివారం సెలవు కాబట్టి పొద్దున పదిన్నరకు వాకిట్లో తాడు ఇచ్చాను. అరవై రెండు దగ్గర ఆగింది. “నైనా, కడుపులో తిప్పతా ఉండాది” అంది. “ఎగురు” అన్నాను. అరవై మూడు. తాడు కాళ్ళకు చుట్టుకుంది. వాంతి చేసుకుని పక్కకు ఒరిగింది. వేళ్ళు కొంకర్లు పోయాయి, కళ్ళు పైకి తేలాయి. ఊపిరి ఉంది, పిలిస్తే పలకదు. కఫం అడ్డుపడిందనుకుని బోర్లా వేసి తట్టాను. తట్టాను, తట్టాను. ఆరోగ్యమేరి నన్ను జుట్టు పట్టి లాగి, పిల్లను భుజాన వేసుకుని ఆటో దగ్గరికి పరుగెత్తింది. చెప్పులు కూడా లేవు ఆమెకు. సుందరవల్లి ఒంటిచేత్తో కొంగు పట్టుకుని వెనక పరుగెత్తింది. నేను వాకిట్లో తాడు చుట్టి మేకుకు తగిలించి అప్పుడు పోయాను. అది ఎందుకు చేశానో తెలియదు.

వెంటనే చేతికి సూది గుచ్చి సీసా వేలాడదీశారు. సాయంత్రానికి కళ్ళు తెరిచింది. నేను సీసాలో చుక్కలు లెక్కపెడుతున్నాను, లెక్కపెట్టడం నాకు అలవాటు. నర్సమ్మను అడిగాను, అందులో ఏం మందు అని.

“మందు ఏమి లేదుంగ. ఉప్పుతణ్ణి” అంది.

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది, ఉప్పునీళ్ళని. ఒంట్లో ఉప్పు అడుగంటిపోయింది, ఇంకొక గంట ఆలస్యమైతే బిడ్డ దక్కేది కాదు అంది.

చిన్న డాక్టరు మదురై చీటీ చదివి, “ఈ జబ్బు పిల్లకు ఉప్పు ఎవరు ఆపమన్నారు?” అని అరిచాడు. వార్డంతా తిరిగి చూసింది. సుందరవల్లి ఆ కట్టుచేత్తో మంచం కమ్మీ పట్టుకుని, “తెలీక చేస్తిమి సార్” అంది. చేస్తిమి అంది. నన్ను పేరు పెట్టి చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. అప్పుడు ఆమె మీద కోపం తెచ్చుకునేవాణ్ణి, కోపం వస్తే నాకు నిలబడటం వస్తుంది.

27-4-1983

జారి పడలేదు.

మూడు చోట్ల రాశాను జారి పడిందని. వెనక్కి తిప్పి చూశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను.

ఏప్రిల్ రెండు సాయంత్రం త్వరగా వచ్చాను. పిల్ల వంటింట్లో అమ్మ ఎదురుగా కూర్చుని బుగ్గలో ఏదో పెట్టుకుని చప్పరిస్తోంది. నన్ను చూసి మింగేసింది. సుందరవల్లి పిడికిలి మూసింది. తెరవమన్నాను. తెరవలేదు. మణికట్టు పట్టుకున్నాను. “బిడ్డకు కావాలుంగ, డాక్టరమ్మ చెప్పె, నా చెవులార వింటి” అంది. మెలిపెట్టాను. “చాలుంగ” అంది. నట్టు బిగుసుకుంటే పైపు రెంచి ఎలా తిప్పుతామో అలా తిప్పాను. “చాలు” అంది. మూడోసారి ‘ంగ’ లేదు, మర్యాద లేదు, గొంతు లేదు, ఊరికే “చాలు” అంది. ఆ మాట నాకు బాగా వినిపించింది. వినిపించినాకే ఇంకొక తిప్పు తిప్పాను. లోపల ఎండుకట్టె విరిగినట్టు వినబడింది. పిడికిలి తెరుచుకుంది. నాలుగు కల్లుప్పు బెడ్డలు.

అవి కూడా ఏరి మురుగులో పారేశాను. తర్వాతే కట్టేవాడి దగ్గరికి తీసుకుపోయాను.

రెండు వారాలకు పిల్ల హుషారుగా ఉందని, అరకిలో పెరిగిందని రాసుకున్నానే, అది ఆ పిడికిలి పెట్టిన ఉప్పు. ఆ చెయ్యి విరిగిన రోజునుంచి ఇరవైరెండు దినాలు, పిల్లకు దొరికింది తన మోచేతి మీద ఉప్పు ఒక్కటే. దానికీ కొట్టాను.

4-5-1983

ఇంటికి తెచ్చాం. ఉప్పు నేనే కొన్నాను, రెండు పడి. చారులో, అన్నంలో, మజ్జిగలో. పిల్ల తింటోంది. సుందరవల్లి వడ్డిస్తుంది, ఎడమచేత్తో. అన్నం ఎడమచేత్తో వడ్డించకూడదని నోటిదాకా వచ్చింది, మింగాను.

రెండు పూటలూ తట్టుతున్నాను. డొల్ల చప్పుడు చక్కగా వస్తోంది. ఏం చేసినా, ఏం జరిగినా, ఒకటి మాత్రం నిజం. నా చేతులు లేకపోతే ఆ పిల్ల లేదు. సుందరవల్లి చెయ్యి పనికిరాదు. ఆరోగ్యమేరికి షిఫ్టులు. కాబట్టి దేవుడు నన్ను ఇంకా ఉంచాడు. ఇకమీద ఎవరి మీదా చెయ్యెత్తను. పిల్ల తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

8-5-1983

నాలుగు రోజులుగా ఎవరినీ ఏమీ అనలేదు. బాయిలర్ రూము వేలుసామి మాత్రం నోరు జారుతున్నాడు. విననట్టు ఉన్నాను. ఎంతకాలం అనేది వాడి చేతిలో ఉంది.

14-5-1983, శనివారం

అక్షరాలు వంకరగా పడుతున్నాయి. వేళ్ళు మూసుకోవు.

మంగళవారం పొద్దున బాయిలర్ రూములో పైపు విప్పుతున్నాను. వేలుసామి పక్కవాళ్ళతో, నాకు వినబడేలా, “పెండ్లాం చెయ్యి విరిచినోడు, బిడ్డను ఉప్పు లేకుండా ఎండబెట్టినోడు. ఈ కైతోనే రోజూ వైద్యం చేస్తాడంట బిడ్డకు” అన్నాడు. నా చేతిలో రెంచి ఉంది. భుజం మీద ఒకటి. వాడు అరుస్తూ వంగాడు. మొదటి దెబ్బ వాడు రేపినందుకు అనుకుందాం. రెండోది మోకాలి మీద. అప్పటికి వాడు దండం పెడుతున్నాడు. మూడోది ఎక్కడ పడిందో నాకు తెలియదు. ఒట్టేసిన తల ఏదో, వేసిన చెయ్యి ఏదో, ఏమీ గుర్తు రాలేదు. చెబితే సిగ్గు, బాగుండింది. కొడుతున్నంతసేపు బాగుండింది.

స్టేషన్‌లో ఎస్ఐ, “యే కై?” అని అడిగాడు. కొట్టిన చెయ్యి చూపించాను. రెండూ బల్లమీద పెట్టించాడు. లాఠీతో అరచేతుల మీద కొట్టించాడు. నలభై దాకా లెక్కపెట్టాను. కాలికి తన్నండి, వీపు పగలగొట్టండి, చేతులొద్దు సార్, మా పిల్లకు ఈ చేతులు కావాలి అని ఏడ్చాను. తాగి వాగుతున్నాననుకున్నారు.

లాకప్‌లో మూడు దినాలు. సంగు అక్కడికి కూడా వినబడుతుంది. ఊదిన ప్రతిసారీ లేచి కమ్మీలు పట్టుకున్నాను. ఒక పూట మానితే కఫం గడ్డకడుతుంది అంది డాక్టరమ్మ. నేను ఆరు పూటలు మానాను. గోడకు తల బాదుకున్నాను. ఇంటికి పోయేసరికి వాకిట్లో జనం ఉంటారని, మధ్యలో చాప పరిచి ఉంటుందని, అదే కళ్ళముందు. పోయిన ఇద్దరినీ పాతిపెట్టింది కూడా ఈ చేతులే.

వేలుసామి బతికాడట, కేసు వద్దన్నాడట. నిన్న సాయంత్రం వదిలారు. పరుగెత్తాను. దారిలో రెండుసార్లు పడ్డాను, ఈసారి నిజంగానే జారి.

వాకిట్లో జనం లేరు. తిన్నె మీద దిండ్లు ఉన్నాయి. సంతానలక్ష్మి తల కిందికి వాల్చి పడుకుని ఉంది. సుందరవల్లి మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచెయ్యి దొన్నెలా వంచి తట్టుతోంది. డొప్పు, డొప్పు, డొప్పు. నిదానం, కానీ డొల్లగా. విరిగిన చెయ్యి ఊరికే పిల్ల భుజం మీద ఆనించి ఉంది. పిల్ల తలకింద డబ్బా. అందులో తెల్లగా ఉంది. ఆరు పూటలూ తెల్లగానే వచ్చిందట.

నేను గడప దగ్గర కూలబడ్డాను. ఏడ్చాను. సంతోషమే, కాదని చెప్పను. దాని కింద ఇంకొకటి ఉంది, అది కూడా రాస్తాను. నా చేతులు అక్కర్లేదు. ఎప్పుడు నేర్చుకుంది? అడిగితే పిల్ల చెప్పింది. “నువ్వు మిల్లుకు పోతివి కదా నైనా, అబుడు అమ్మ బియ్యం మూట మీద తట్టి తట్టి పళగతా ఉండె. కట్టు కట్టినప్పటినుంచి.” అంటే ఏప్రిల్ మూడునుంచి. నా రెండు చేతుల్లో ఊపిరి ఉందని నేను ఇక్కడ రాసుకుంటూ ఉంటే, ఆమె మూట మీద తట్టుతోంది. నేను లేని రోజు ఒకటి వస్తుందని ఆమెకు తెలుసు. వచ్చేలా చూడాలనుకుందేమో కూడా.

పిల్లను దగ్గరికి రమ్మన్నాను. వచ్చింది, ఒక అడుగు దూరంలో ఆగింది. నా అరచేతులు చూసి, “ఎవురు కొట్టిరి?” అంది.

“అమ్మ చెయ్యి పడితే నొప్పిగా ఉండాదా, నాది పడితే నొప్పిగా ఉండాదా, నీకు?” అని అడిగాను. బుద్ధి లేని ప్రశ్న.

“రెండూ నొప్పి లేదు నైనా. నువ్వు తట్టేటబుడు నేను కండ్లు మూసుకుంటా. అమ్మ తట్టేటబుడు మూసుకోను.”

15-5-1983

మదురైనుంచి సుందరవల్లి అన్న చెన్నకేశవన్ వచ్చాడు. ఆరోగ్యమేరి తంతి కొట్టించిందట. మనిషి నెమ్మది, మాట తక్కువ. చేతికర్ర పక్కన పెట్టుకుని తిన్నె మీద కూర్చున్నాడు.

“మాప్పిళ్ళై, నేను చెల్లెల్నీ బిడ్డనూ కూట్టుకుపోదామని వస్తి. అది రానంటాది. ఏమి చెప్తాదో అది చెప్పనీ, మీరు నోరు మూసుకుని వినాల” అన్నాడు.

సుందరవల్లి గుమ్మంలో నిలబడి చెప్పింది. నా వైపు చూడలేదు, గొంతు పెంచలేదు.

“నా ఎడంచెయ్యి పొద్దున పూటకే. సాయంకాలానికి వాచిపోతాది. బిడ్డకు రెండు పూటలు కావాల. సాయంకాలం ఆరింటికి ఈయన రావచ్చు. తిన్నె దాకానే. గడప దాటి లోపలికి రాకూడదు, ఇక్కడ పడుకోకూడదు. తట్టి పోవాల. లెక్క నేను చెప్తా. చాలంటే ఆపాల. ఒక్క దెబ్బ ఎక్కువ పడినా స్టేషన్‌కు పోయి, నేను బాయి కాడ జారి పడలేదని చెప్తా. ఇన్నాళ్ళు చెప్పలేదు. ఇబుడు చెప్తా.”

ఇది నా ఇల్లు అని అరుద్దామనుకున్నాను. చేతులు ముడవబోయాను, ముడుచుకోలేదు.

బట్టల మూట తిన్నె మీదికి వచ్చింది. ఎక్కడికి పోను? ఎదురు గది మునియాండి తలుపు తీశాడు. పన్ను విరిగిన సందులోంచి, “రా, పడుకో” అన్నాడు. వాడి చాపలో సగం నాది.

18-5-1983

వాపు తగ్గలేదు. మూడు సాయంత్రాలు ఎదురుగదిలోంచి చూస్తూ కూర్చున్నాను. సుందరవల్లి వాచిన చేత్తోనే తట్టింది, మధ్యలో రెండుసార్లు ఆగి చెయ్యి విదిలించుకుంది. నేను వేడినీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. మునియాండి ఆ నీళ్ళలో పిడికెడు ఉప్పు వేశాడు, వాపు లాగుతుందని.

21-5-1983, శనివారం

ఇవాళ చెయ్యి వంగింది. ఆరింటి సంగుకు వాకిట్లో నిలబడ్డాను. చెన్నకేశవన్ దిండ్లు సర్ది పక్కకు జరిగి కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు. సుందరవల్లి గడపలో. పిల్ల బోర్లా పడుకుంది. మెడ వెనక ఉప్పు మెరుస్తోంది. తుడవలేదు.

ఎడమ పక్క రెండువందలు. వీపు రెండువందలు. సుందరవల్లి ఒకటొకటిగా లెక్కపెడుతోంది, నేను ఆ లెక్కకు తట్టుతున్నాను. నా చెయ్యి ఆమె మాట వినడం ఇదే మొదటిసారి అని అప్పుడు తట్టింది నాకు. కుడి పక్కకు తిప్పాం. నూటఅరవై దగ్గర లోపల గరగర మొదలైంది. నా అరచేతికి తెలుస్తుంది అది, పద్దెనిమిదేళ్ళ చెయ్యి, పెచ్చు ఎప్పుడు ఊడుతుందో దానికి తెలుసు. ఇంకొక పది, పదిహేను గట్టిగా వేస్తే మొత్తం వచ్చేస్తుంది. చెయ్యి దానంతట అదే పైకి లేచింది, ఇంతకుముందుకంటే ఎత్తుకు.

“చాలు” అంది సుందరవల్లి.

పిల్లకు మేలు కోసమే కదా అనబోయాను. వచ్చేస్తుంది, ఇంకొక పది, అనబోయాను. ఏప్రిల్ రెండున కూడా పిల్ల మేలు కోసమే.

చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నాను. చెన్నకేశవన్ కర్ర మీదనుంచి చెయ్యి తీశాడు. వీధిలో సైకిళ్ళు పోతున్నాయి, షిఫ్టు దిగినవాళ్ళు.

సంతానలక్ష్మి అలాగే పడుకుని ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు బిగబట్టి, తర్వాతి దెబ్బకోసం కాచుకుని ఉంది. నా చెయ్యి ఒళ్ళో ఉందని దానికి తెలియదు.